కాలువ గట్టు మీద మొద్దు జంతువులు: 90 సెకన్ల కార్టూన్ కామెడీ తీసే పద్ధతి

టీవీలో పిల్లల కార్టూన్ కథ సాధారణంగా 11 నిమిషాలుంటుంది. అలాంటివి రెండు కలిపి అరగంట స్లాటులో వేస్తారు. మొదటిసారి తీసేవాళ్లు ఆ 11 నిమిషాల జోలికి వెళ్లొద్దు, 90 సెకన్లు చాలు. మన దేశంలో టీవీ లెక్క సెకనుకు 25 ఫ్రేములు (కదలని బొమ్మలు) కాబట్టి 90 సెకన్లంటే 2250 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలిపితే 1125 బొమ్మలు. పాత్రలు కదలకుండా నిలబడే చోట్లు, మళ్లీ మళ్లీ వాడుకునే నడకలు తీసేస్తే ఆ అంకె ఇంకా బాగా దిగుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే తేలే పని ఇది.

ఉదాహరణకి ఒక గేదె, దాని వీపు మీద ఒక తెల్లకొంగ, వెనకాల ఏడు బాతులు అనుకుందాం. చోటు గోదావరి డెల్టాలో ఒక పంటకాలువ. కాలం వేసవి, దాళ్వా (రెండో పంట వరి) కోతలైపోయి కాలువలకి నీళ్లు ఆపేసిన రోజులు. గేదె రోజూ పడుకునే చోట నీళ్లు లేవు. ఆ నీళ్లు ఎక్కడికెళ్లాయో ఈ బృందం తేల్చుకోవాలి. కథంటే ఇంతే, ఇంతకన్నా పెద్దది 90 సెకన్లలో పట్టదు.

మొద్దుతనానికి ఒక లెక్క

తెలివితక్కువ జంతువు అనగానే చాలామంది మెల్లకన్ను పెడతారు, నాలుక వేలాడదీస్తారు, తీసుకెళ్లి చెట్టుకి గుద్దిస్తారు. పిల్లలు ఒకసారి నవ్వుతారు, రెండోసారికి చూపు తిప్పేసుకుంటారు. నిలబడే నవ్వు వేరే చోట ఉంది. తప్పు లెక్కని ఒప్పు లెక్కంత శ్రద్ధగా చేసేవాడిని చూస్తే నవ్వు ఆగదు. పరమానందయ్య శిష్యులు ఏరు దాటాక లెక్కపెట్టుకున్న కథ అందరికీ తెలిసిందే. ప్రతివాడూ తనని వదిలేసి మిగతావాళ్లని లెక్కపెడతాడు. తప్పు అదొక్కటే. మిగతాదంతా క్రమంగా, నిజాయితీగా జరుగుతుంది, ఒకడు పోయాడని ఏడవడంతో సహా.

కాబట్టి కథ రాయకముందే ఒక్కో పాత్రకి ఒక్కో తప్పు నమ్మకం, ఒకే వాక్యంలో రాసి గోడకి అంటించండి. గేదె నమ్మకం: తను ఎక్కడ కూర్చుంటే అక్కడికి నీళ్లొస్తాయి. కొంగ నమ్మకం: తను ఈ గేదె ఇంటి అల్లుడు. బాతుల నమ్మకం: ముందు ఏది కదిలితే అదే నాయకుడు.

ఈ మూడూ గాల్లోంచి తెచ్చినవి కావు. గేదె ఒంటికి చెమట పట్టేది చాలా తక్కువ, పైగా నల్లచర్మం, అందుకే ఎండలో నీళ్లలో పడుకోక తప్పదు. అంటే దాని కోరిక నిజమైన అవసరం, చూసేవాళ్లు దాని పక్షాన ఉంటారు. గేదె అడుగు తీసి అడుగు వేస్తే గడ్డిలోంచి లేచే పురుగుల్ని తింటూ కొంగ వెంట తిరుగుతుంది. కష్టపడకుండా భోజనం, వీపు మీద ఆసనం. సంక్రాంతికి అత్తారింటికొచ్చిన కొత్తల్లుడి భోగమే అది. ఇక బాతుపిల్లలు గుడ్డులోంచి బయటికొచ్చాక మొదట కంటపడిన కదిలే ప్రాణి వెంట పడిపోతాయి. కోతలైన చేలల్లో బాతుల మందని ఒక్క మనిషి కర్ర పట్టుకుని నడిపించుకుపోవడం డెల్టాలో పెరిగినవాళ్లందరూ చూసిందే. మీరు వేరే జంతువుని ఎంచుకున్నా పద్ధతి ఇదే: ముందు దాని నిజమైన అలవాటు చూడండి, ఆ అలవాటుకి అది చెప్పుకోగల తప్పు కారణం ఊహించండి.

ఎపిసోడ్ చివర ఏ పాత్రకీ బుద్ధి రాకూడదు. వస్తే రెండో ఎపిసోడ్ ఉండదు. అంతకంటే మంచి ముగింపు ఒకటుంది, లోకమే వాటి తప్పు నమ్మకాన్ని నిజం చేసి చూపడం. మన కథలో లస్కరు (కాలువ నీళ్లు వదిలే మనిషి) తలుపులెత్తే రోజు అదే. గేదె ఎండిన కాలువలో కూర్చుంది, కాసేపటికి నీళ్లొచ్చాయి. ఇక దాని నమ్మకాన్ని ఎవరు కదపగలరు?

యాస గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. తెలివైన పాత్రకి పుస్తక భాష, మొద్దు పాత్రకి గోదారి యాస పెట్టారంటే మీరు నవ్వుతున్నది మొద్దుతనాన్ని చూసి కాదు, మన ఊళ్లని చూసి. అందరికీ ఒకే యాస పెట్టండి, లాకుల (కాలువలో పడవల్ని దాటించే తలుపుల) దగ్గర లస్కరుతో సహా. అలాగే నత్తి, అవిటితనం, మానసిక వైకల్యం దేన్నీ మొద్దుతనానికి గుర్తుగా వాడొద్దు. తప్పు నమ్మకం ఉన్న పాత్రకి అవేవీ అక్కర్లేదు.

మాటలు రాయడం

90 సెకన్లకి వంద మాటలు దాటనివ్వకండి. నవ్వు పుట్టేది మాటల మధ్య ఖాళీలో, ఆ ఖాళీకి చోటుండాలి. మొదటి సన్నివేశం ఇలా ఉండొచ్చు:

గేదె (నమలడం ఆపి): అల్లుడుగారూ, నీళ్లేవండీ?
కొంగ: భోజనానికెళ్లుంటాయండి అత్తయ్యగారూ. ఒంటిగంట దాటింది కదండీ.
గేదె: ఆయ్.
(ఒక సెకను. నమలడం మళ్లీ మొదలు. మళ్లీ ఆగింది.)
గేదె: మరి మనకి చెప్పెళ్లలేదేంటండీ?
కొంగ: తమరు నిద్రలో ఉన్నారండి. లేపితే బాగోదనుకునుంటాయి.
గేదె: అంతేలెండి. మర్యాదస్తులు.

ఇందులో ఒక్కరూ జోకు వెయ్యలేదు. ప్రతి జవాబూ ముందు మాటకి సరిగ్గా అతుకుతుంది, ఒక్క మొదటి మెట్టే తప్పు. ఆ తప్పు బయటపడకుండా కాపాడేది మర్యాద. అత్తయ్యగారు అల్లుడిగారి మాటకి ఎదురు చెప్పరు, అల్లుడుగారు తనకి తెలియదని ఒప్పుకోరు. డెల్టా మర్యాదలో ఉన్న ఈ ఇంధనం మరెక్కడా దొరకదు, దాన్ని వదులుకోవద్దు. బాతులకి మాత్రం విడివిడిగా మాటలు రాయకండి. ఏడూ కలిసి ఒకే మాట అంటాయి, అదీ ముందున్నవాళ్లు అన్నదాంట్లో చివరి ముక్క: "మర్యాదస్తులండీ."

రాయగానే చేసుకోవాల్సిన పరీక్ష: సంభాషణలన్నీ కొట్టేసి, జరిగే పనులు మాత్రమే చదవండి. అయినా ఒక్క చోట నవ్వొస్తే స్క్రిప్టు పనికొస్తుంది. ఎండిన కాలువలో బాతులు పొట్ట ఆనించి ఈదుకుంటూ పోవడం అలాంటి చోటు. దానికి మాట అక్కర్లేదు.

గొంతు ముందు, బొమ్మ తర్వాత

బొమ్మలు గీశాక గొంతు పెడతామనుకుంటే నోరు ఎప్పటికీ కలవదు. ముందు రికార్డు చెయ్యండి. ఫోను చాలు, కానీ మామూలు రికార్డర్ ధ్వనిని నొక్కేసి చిన్న ఫైలుగా దాస్తుంది. సెట్టింగుల్లో వేవ్ ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్ ఎంచుకోండి. నోటికి ఫోనుకి మధ్య జానెడు దూరం. ఫోను నోటికి ఎదురుగా కాక కాస్త పక్కకి ఉండాలి, లేకపోతే ప, బ, ఫ పలికినప్పుడల్లా గాలి కొట్టి "బుఫ్" మంటుంది. ఫ్యాన్ ఆపండి, ఫ్రిజ్ తీగ పీకండి, మంచం మీద పరుపు తీసి గోడకి ఆనించి దానికేసి తిరిగి మాట్లాడండి. వానాకాలం రాత్రి కప్పలు వదలవు, వేసవి పగలు మోటార్లు వదలవు. తెల్లవారుజాము మంచి వేళ. అందరి మాటలూ అయ్యాక ఎవరూ కదలకుండా అరనిమిషం ఉత్త గది చప్పుడు కూడా రికార్డు చేసుకోండి. మాటల మధ్య కోసిన చోట అది పరిస్తే అతుకు తెలియదు.

ఒక్కో మాటని మూడు రకాలుగా చెప్పించండి: మామూలుగా, నెమ్మదిగా, మరీ నమ్మకంగా. ఎక్కువసార్లు మూడోదే బాగుంటుంది. వేరే ఊరివాళ్లు యాస అనుకరిస్తే ప్రతి అచ్చునీ సాగదీస్తారు. ఇక్కడివాళ్లు సాగదీసేది వాక్యం చివర, "అండీ", "కదండీ", "ఏంటండీ" దగ్గర. మధ్యలో మాట చురుగ్గానే పోతుంది. యాస రోజూ మాట్లాడేవాళ్లనే కూర్చోబెట్టండి, నటన నేర్పడం తేలిక, యాస నేర్పడం కష్టం.

స్టోరీబోర్డు

90 సెకన్లకి 18 నుంచి 25 షాట్లు. నోటుపుస్తకంలో పేజీకి ఆరు గళ్లు గీసి పుల్లబొమ్మలతోనే వేయండి. ఫోనుతో ఫొటోలు తీసి, రికార్డు చేసిన గొంతు మీద వరసగా పేర్చండి. ఇదే యానిమాటిక్. పనంతటిలో ముఖ్యమైన మెట్టు ఇది, చాలామంది దాటేసేదీ ఇదే. పుల్లబొమ్మలతో నవ్వు రానిది రంగులేస్తే రాదు. ఇక్కడ ఒక ఖాళీని అర సెకను పెంచడానికి పట్టేది నిమిషం. బొమ్మలు గీశాక అదే పనికి రోజు పడుతుంది.

షాట్లు కోసేటప్పుడు మొద్దు పాత్ర ఆలోచించే చోట కెమెరా మార్చొద్దు. ప్రశ్న, ఖాళీ, జవాబు మూడూ ఒకే షాట్‌లో ఉండాలి. మధ్యలో కోస్తే ఆ ఖాళీ ఎడిటింగ్ పొరపాటులా కనిపిస్తుంది, ఆలోచనలా కనిపించదు.

ఆలోచన కనిపించాలంటే

గేదె ఆలోచన ఎలా కనిపిస్తుంది? నమలడంలో కనిపిస్తుంది. నెమరేసే గేదె దవడ పైకీ కిందికీ ఆడదు, ఒక పక్కకి జరిగి గుండ్రంగా తిరిగి వస్తుంది, సుమారుగా సెకనుకో చుట్టు. అంటే 25 ఫ్రేముల చక్రం. ఈ చక్రం ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి. ఆగిందంటే ఆలోచన వచ్చిందని అర్థం, మళ్లీ మొదలైందంటే ఆలోచన పోయిందని అర్థం. రెండు మూడు సార్లు చూపిస్తే పిల్లలకి ఈ భాష పట్టుబడుతుంది. ఆ తర్వాత దవడ ఆగితే చాలు, మాట రాకముందే నవ్వుతారు.

వరస ఇది. కొంగ మాట పూర్తయింది. దవడ ఆగింది. 25 ఫ్రేములు ఏమీ లేదు. ఒక చెవి ఊగింది, 6 ఫ్రేములు. రెప్ప పడి లేచింది: మూయడానికి 2, మూసి 2, తెరవడానికి 4, మొత్తం 8 ఫ్రేములు. అప్పుడు "ఆయ్". ఖాళీ 12 ఫ్రేములే ఉంటే తెలివైన గేదె అవుతుంది, 50 దాటితే చూసేవాళ్లు వీడియో ఆగిపోయిందనుకుంటారు.

ఆ 25 ఫ్రేములు ఒక్కటే బొమ్మ పెట్టి వదిలేస్తే పాత్ర చచ్చినట్టుంటుంది. అదే బొమ్మని మూడుసార్లు తిరగగీసి వంతులవారీగా తిప్పండి, గీత సన్నగా వణుకుతూ ప్రాణం ఉన్నట్టు కనిపిస్తుంది. మూడూ మరీ తేడాగా గీస్తే ఒళ్లంతా ఉడుకుతున్నట్టుంటుంది కాబట్టి గీత మీద గీత పెట్టి గీయాలి.

గేదె నడక

నాలుగు కాళ్ల నడకలో తప్పు జరిగేది పాదాల వరస దగ్గర. ఎడమ వెనక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనక కాలు, కుడి ముందు కాలు, ఇదీ వరస. బరువైన గేదెకి 40 ఫ్రేముల చక్రం తీసుకుంటే ఆ పాదాలు వరసగా 1, 11, 21, 31 ఫ్రేముల్లో నేలని తాకాలి. ఒక్కో పాదం సుమారు 26 ఫ్రేములు నేల మీదుంటుంది, 14 ఫ్రేములు గాల్లో. తల చక్రానికి రెండుసార్లు ఊగుతుంది, ముందు కాలు పడినప్పుడల్లా ఒకసారి. 21వ ఫ్రేము నుంచి ఎడమ కుడి కాళ్లు మారడం తప్ప మిగతా అంతా మొదటి సగమే. అందుకని పక్కనుంచి చూపే నడకకి రెండేసి ఫ్రేముల చొప్పున 10 బొమ్మలు గీసి, అవతలి కాళ్ల ముదురు రంగుని ఇవతలికి మారిస్తే మిగతా 10 వచ్చేస్తాయి. మూపు ఊగకుండా కాళ్లు మాత్రమే ఆడిస్తే బల్లకి చక్రాలు కట్టినట్టుంటుంది. ముందు కాలు నేలనానిన వైపు భుజం ఎముక కాస్త పైకి పొడుచుకు రావాలి.

పాదం జారుతున్నట్టు కనిపిస్తే లోపం నేపథ్యంలో వెతకండి. నేల మీదున్న 26 ఫ్రేముల్లో పాదం 260 పిక్సెళ్లు వెనక్కి పోయిందంటే ఫ్రేముకి 10. గట్టు కూడా ఫ్రేముకి 10 చొప్పునే జరగాలి. ఇంకో చిక్కుంది: బొమ్మలు రెండేసి ఫ్రేములు నిలుస్తుంటే నేపథ్యం మాత్రం ప్రతి ఫ్రేముకీ జరిగితే పాదం ముందుకీ వెనక్కీ వణుకుతుంది. నేపథ్యాన్నీ రెండు ఫ్రేములకోసారి 20 పిక్సెళ్లు జరపండి.

బాతులకి ఒక్క బాతు గీస్తే చాలు: 16 ఫ్రేములు, 8 బొమ్మలు. పాదం ఏ వైపు ఆనితే ఒళ్లు ఆ వైపు ఒరగాలి, తోక వ్యతిరేక దిక్కుకి. దాన్నే ఏడుగా పెట్టి ఒక్కోదాన్నీ 2, 4, 6 ఫ్రేముల తేడాతో మొదలుపెట్టండి, లేకపోతే పరేడు చేస్తున్నట్టుంటుంది. కొంగ పొడుపుకి మెడ నెమ్మదిగా వెనక్కి, 8 ఫ్రేములు. ముక్కు పడటం 2 ఫ్రేములే. ఎగిరేటప్పుడు కొంగ మెడ ముడుచుకుని ఉండాలి, చాచి గీయడం మామూలుగా కనపడే తప్పు.

నోటి ఆకారాలు

ఆరు ఆకారాలతో తెలుగు పలికించొచ్చు: మూసిన పెదాలు (ప, బ, మ), పళ్లు పెదవికి ఆనినవి (ఫ, వ), బాగా తెరిచినది (ఆ), పక్కలకి సాగినది (ఇ, ఎ), గుండ్రనిది (ఉ, ఒ), సగం తెరిచినది (మిగతా హల్లులన్నిటికీ). మూసిన పెదాలు ధ్వని కన్నా ఒక ఫ్రేము ముందే పడాలి, కనీసం 2 ఫ్రేములు నిలవాలి. "అబ్బో", "చెప్పండి", "అమ్మ" లాంటి ఒత్తుల దగ్గర 4 ఫ్రేముల పైగా మూసే ఉంచండి, తెలుగు నోరు తెలుగులా కనిపించేది అక్కడే. సున్నాతో జాగ్రత్త. "చెంబు" లో సున్నాకి పెదాలు మూతపడతాయి, "అండీ" లో పడవు. ప్రతి సున్నాకీ నోరు మూయించేస్తే గోదారి మాటల్లో సగం పాడవుతాయి.

నోటి ఆకారాలు తనంతట తానే గుర్తించే రుబార్బ్ లిప్ సింక్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అది మామూలుగా ఇంగ్లీషు మాటల కోసం వెతుకుతుంది, కాబట్టి ఫొనెటిక్ రికగ్నైజర్‌కి (మాటల్ని కాక ధ్వనుల్ని గుర్తించే పద్ధతికి) మార్చి నడపాలి. వచ్చిన ఫలితంలో ఒత్తులు, సున్నాలు చేత్తో సరిచేసుకోండి.

రంగులు, చోటు

గేదెని పూర్తి నలుపులో వేస్తే కన్ను, ముక్కు, కొమ్ము అన్నీ కలిసిపోయి ఒక మచ్చ మిగులుతుంది. ఎరుపు 62, ఆకుపచ్చ 64, నీలం 74 దగ్గర మొదలుపెట్టి గీత మాత్రం నలుపులో గీయండి. తెల్లకొంగ వెనక లేత ఆకాశం పెట్టొద్దు, కొబ్బరి ఆకుల పచ్చదనం పెట్టండి.

నెల తప్పితే ఇక్కడివాళ్లు వెంటనే పట్టేస్తారు. కాలువ ఎండి ఉంటే చేలల్లో పచ్చటి నాట్లుండవు, కోసిన దుబ్బులుంటాయి. కాలువ అడుగున పగిలిన మట్టి, ఎండిన గుర్రపుడెక్క, గట్టు మీద తూటికాడ. దౌళేశ్వరం దగ్గర 1852లో పూర్తయిన పాత ఆనకట్ట నుంచి తీసిన పెద్ద కాలువలు పడవలు తిరిగేలా కట్టినవి, అందుకే వాటి మీద లాకులు ఉంటాయి. చిన్న బోదె (పిల్లకాలువ) మీద లాకులు గీయకండి, అక్కడుండేది తూము. చివరి షాట్‌లో నీళ్లు గోడలా దూకి రావు. ఎండుటాకుల్నీ చెత్తనీ నురగనీ ముందు తోసుకుంటూ పల్చగా పాకి వస్తాయి. ఆ అంచుకి మూడు బొమ్మల చక్రం చాలు. ముందు బాతుల పొట్ట కింద చేరి, తర్వాత గేదె తోక తడపాలి. దవడ ఆగాలి.

కంప్యూటర్ పని

బొమ్మలకి క్రిటా, ఓపెన్‌టూంజ్, బ్లెండర్ మూడూ ఉచితమే. క్రిటా ఫ్రేములన్నీ మెమరీలో పెట్టుకుంటుంది, 8 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో మొత్తం ఎపిసోడ్ ఒకే ఫైల్లో పెడితే మొరాయిస్తుంది. షాటుకో ఫైలు పెట్టండి, సైజు 1920 × 1080. వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి ఆటోసేవ్ 5 నిమిషాలకి దించండి. ఫైళ్ల పేర్లలో అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే వాడండి, తెలుగు పేరుంటే కొన్ని ప్రోగ్రాములు ఫైలు తెరవవు. టైటిల్ అక్షరాలకి ఒత్తులు విడిపోయి కనిపిస్తే ఇంక్‌స్కేప్ అనే ఉచిత ప్రోగ్రాంలో రాసి బొమ్మగా మార్చి పెట్టుకోండి.

సంగీతం తక్కువ వాడండి. ముఖ్యంగా గేదె ఆగిన ఆ 25 ఫ్రేముల్లో సంగీతం ఉండకూడదు, దూరంగా ఒక కాకి, కొబ్బరాకుల గలగల చాలు. ధ్వని మట్టం యూట్యూబుకైతే మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినపడే గట్టితనం కొలత) దగ్గర పెట్టండి. టీవీకి అడిగితే మైనస్ 23 దగ్గర మొదలుపెట్టి ఆ చానల్ ఇచ్చిన కొలతకి సరిచేయండి. చివరగా ఫోను స్పీకర్లో వినండి. గేదె బొంగురు గొంతులోని కింది స్థాయి చిన్న స్పీకర్లో అసలు పలకదు, మాట మింగేసినట్టుంటుంది. గొంతు పెంచితే లాభం లేదు. 200 హెర్ట్జ్ కింద కాస్త తగ్గించి, 2 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య కొద్దిగా లేపితే మాట స్పష్టంగా వినిపిస్తుంది.